గవర్నరు దొర జీపు

పుదుచ్చేరి పెద్ద బజారులో తాళ్లు, చేదలు, గొలుసులు అమ్మే టి.కె. సీతాపతి 1977వ సంవత్సరం దీపావళి వెళ్లిన మూడో వారంలో ఒక జీపు కొన్నాడు. అది మామూలు జీపు కాదు. ఫ్రెంచివాళ్లు ఈ ఊరిని ఏలిన రోజుల్లో సాక్షాత్తు గవర్నరు దొర ప్రతి ఆదివారం చర్చికి పోయి వచ్చిన జీపు. మిగతా ఆరు రోజులూ దాని మీద దుప్పటి కప్పి ఉంచేవారు. నాలుగు చక్రాలూ లాగుతాయి. ఇరవై మూడేళ్లుగా ఎవరి చెయ్యీ పడకుండా ఒక కొట్టాంలో విశ్రాంతి తీసుకుంటోంది. ఈ వివరాలన్నీ జీపు అమ్మిన రాజేంద్రన్ స్వయంగా చెప్పాడు కనుక సందేహించడానికి ఏమీ లేదు.

ఏ గవర్నరు అని సీతాపతి అడగలేదు. అడగడం మర్యాద కాదు. పుదుచ్చేరిలో ఒక కుర్చీ గవర్నరు దొరదంటే దాని మీద కూర్చోరు, దానికి దణ్ణం పెడతారు. ఒక గడియారం గవర్నరు దొరదంటే అది నడవకపోయినా దాన్ని చూసే అన్నానికి లేస్తారు. దొరలు ఉన్నన్నాళ్లూ ఎప్పుడు పోతారా అని ఎదురుచూసిన ఊరే, వాళ్లు పోయిన మర్నాటి నుంచి వాళ్లు విడిచిన చెప్పుల కోసం వెతకడం మొదలుపెట్టింది. ఈ పద్ధతిలో గవర్నరు దొర గోడ గడియారాలు ఊళ్లో నలభై దాకా తేలాయి. సమయపాలన మీద ఆయనకు ఉన్న శ్రద్ధ అలాంటిది.

అయితే సీతాపతి జీపు కొన్నది దొర మీద ప్రేమతో కాదు. పరివట్టం కోసం.

పెద్ద బజారులో తెలుగు వర్తకుల పెరుమాళ్ల గుడి ఒకటి ఉంది. మాసి మగం పండగనాడు చుట్టుపక్కల ఊళ్ల దేవుళ్లందరూ సముద్రస్నానానికి కురుచికుప్పం వైపు ఒడ్డుకు వస్తారు. బజారు పెరుమాళ్లూ వెళ్తారు. స్వామిని నీటి అంచుకు చేర్చినవాడి తలకు స్వామి మీది వస్త్రం చుట్టి మర్యాద చేస్తారు. అదే పరివట్టం. జానెడు వెడల్పు గుడ్డ. దాని కోసం అన్నదమ్ములు మాటలు మానుకున్న ఇళ్లు బజారులో మూడు ఉన్నాయి. పూర్వం వర్తకులే పల్లకి మోసేవారు. వ్యాపారాలు బాగుపడి, భుజాల మీది కండ పొట్టలోకి దిగాక ఎడ్లబండి వచ్చింది. తర్వాత బియ్యం మిల్లు కేశవులు బాహూరు పొలాల నుంచి తన ట్రాక్టరు తెచ్చాడు. అది మొదలు పదకొండేళ్లుగా పరివట్టం కేశవులు తలకే. గుడ్డకు ఆ తల కొలత అలవాటైపోయిందని అర్చకులే అనేవారు.

సీతాపతి తండ్రి కృష్ణసామి బతికినన్నాళ్లూ స్వామి బండికి తాళ్లు ఊరకే ఇచ్చాడు. ఒక్క ఏడైనా ఆ గుడ్డ తన తలకు చుడతారని ఆశపడ్డాడు. చుట్టలేదు. ఆఖరి మాసి మగంనాడు మంచం మీద నుంచి "ఈ ఏడు ఎవురికి కట్టినారు రా?" అని అడిగాడు. కేశవులుకే అని విని గోడవైపు తిరిగి పడుకున్నాడు. అలా తిరిగిన వీపును సీతాపతి మరచిపోలేదు. నవ్వుకోవాల్సిన కథలో ఈ మాట ఎందుకంటే, ఇక్కడి నుంచి అతను చేసిన పనులన్నిటికీ మూలం ఆ వీపే.

జీపు కొనడానికి కొద్దిరోజుల ముందు జరిగిన వర్తక సంఘం సమావేశంలో సీతాపతి లేచి, ఎరువు తోలే ట్రాక్టరు మీద దేవుణ్ణి ఎక్కించడం అపచారమని ప్రకటించాడు. కేశవులు కోపం తెచ్చుకోలేదు. కోపం ఓడిపోయేవాళ్లకు గాని పదకొండేళ్లు గెలిచినవాడికి ఎందుకు?

"అట్లయితే వేరే బండి తే అణ్ణా. ఇసకలో పోవాలంటే నాలుగు చక్రాలూ లాగే బండి ఉండాల. ఈ ఊళ్లో అది యాడుండాది?" అన్నాడు.

సంఘం అధ్యక్షులు రాఘవన్ గారు ప్రశ్నలకు జవాబులు వెతికే మనిషి కాదు, ప్రశ్నలను తీర్మానాలుగా మార్చే మనిషి. రాబోయే మాసి మగానికి ఎవరు నాలుగు చక్రాలూ లాగే బండి తెస్తే స్వామి అందులోనే వేంచేస్తారని అప్పటికప్పుడు తీర్మానించారు. పరివట్టం మాట అందులో రాయలేదు. రాయాల్సిన పని లేదు.

బ్రోకరు రాజేంద్రన్ నాలుగో రోజుకే అంగడి మెట్లెక్కాడు. సీతాపతిని విల్లియనూరు తీసుకుపోయి, ఒక కొట్టాంలో తాటాకులు తొలగించి, ఆకుపచ్చ రంగు జీపు చూపించాడు.

"స్టీరింగు చూడండి సార్. ఏ పక్కనుండాది?"

ఎడమపక్కన ఉంది. సీతాపతికి ఒళ్లు గగుర్పొడిచింది. ఇండియా బండికి కుడిపక్కన, ఫ్రెంచి బండికి ఎడమపక్కన అని పుదుచ్చేరిలో పాలు తాగే బిడ్డకు కూడా తెలుసు. ఇంతకంటే ఏం రుజువు కావాలి? పైగా సీటు పక్కన ఒక ఇనుప కడ్డీ ఉంది. రాజేంద్రన్ దాన్ని లాగితే ఠక్కుమంది. "ఇది లాగితే ముందు చక్రాలకు కూడా బలం వచ్చేస్తాది" అన్నాడు. వీటన్నిటికీ తోడు గుండ్రటి ముద్ర వేసిన ఫ్రెంచి కాగితం ఒకటి ఇచ్చాడు. సీతాపతికి ఫ్రెంచి రాదు. ముద్ర గుండ్రంగా ఉంది, కాగితం పసుపు పచ్చగా ముదిరింది. ఇంజను మాత్రం కదల్లేదు. "దొర పోయినంక అది ఎవురి మాటా వినదు సార్" అని రాజేంద్రన్ కళ్లు తుడుచుకున్నాడు. ఆ స్వామిభక్తికి మెచ్చి సీతాపతి బేరం కూడా సరిగా ఆడలేదు.

జీపును రెండు ఎద్దులు కట్టి ఊళ్లోకి తెచ్చారు. సీతాపతి భార్య హేమావతి వీధి అరుగు మీద నిలబడి చూసింది.

"ఏందండీ ఇది? నాలుగు చక్రాలు లాగతాయంటిరి, రెండెద్దులు లాగతా ఉండాయి!"

ఆడవాళ్లకు యంత్రాల గురించి తెలియదని సీతాపతి ఆమెకు నచ్చజెప్పాడు.

బజారు మాత్రం హేమావతిలా అజ్ఞానంలో లేదు. సాయంత్రానికే జనం మూగారు. దొరల విషయాల్లో ఆ ఊళ్లో చివరి మాట చెంగల్రాయన్‌ది. ఆయన ఫ్రెంచి సైన్యంలో ఇండోచైనా దాకా పోయి వచ్చి, ఫ్రాన్సు నుంచి పింఛను తింటూ, ఏటా ఫ్రెంచివాళ్ల జాతీయ పండగ జూలై పద్నాలుగున పతకాలు పెట్టుకుని బీచిలో నడిచే మనిషి. ఆయన జీపు చుట్టూ రెండుసార్లు తిరిగాడు. సీటును వాసన చూశాడు. కాగితాన్ని పెదవులు కదుపుతూ చదివాడు. తర్వాత రెండు మడమలూ చేర్చి సెల్యూటు కొట్టాడు.

"దొర సీటే. నేనే తుడిచినా ఎన్నోసార్లు" అన్నాడు.

చెంగల్రాయన్ జీపు తుడిచిన రోజుల్లో సముద్రానికి అవతల యుద్ధం చేస్తూ ఉన్నాడని లెక్క చూసినవాళ్లు లేరు. లెక్క చూసే లోపలే రెండో సాక్షి తయారయ్యాడు. అతని తాత ఆ జీపుకు నీళ్లు పోశాడట. మూడో ఆయనకు దొర అందులోంచి బిస్కత్తు విసిరాడు. నాలుగో ఆయనను ఆ జీపు గుద్దింది, కాలి మీద మచ్చ కూడా ఉంది. ఆ మచ్చను తాకి చూడడానికి జనం వరసలో నిలబడ్డారు. వారం తిరిగేసరికి తొమ్మిది మంది సాక్షులు తేలారు. ఎద్దు ఈనిందని ఒకడంటే దూడను కట్టెయ్యమని ఇంకొకడు అన్నాడని సామెత. మన బజారువాళ్లు ఆ దూడకు పేరు పెట్టి, జున్ను కూడా పంచారు.

జీపును బాగుచేసే పని విల్లియనూరు రోడ్డు పక్కన షెడ్డు ఉన్న మెకానిక్కు వీరాసామికి అప్పగించారు. వీరాసామికి చరిత్ర తెలియదు. ఇనుము మాత్రమే తెలుసు. చదువు లేనివాళ్లతో వచ్చే చిక్కు అదే. పదిహేను రోజుల తర్వాత అతను సీతాపతిని పిలిపించి, షెడ్డు తలుపు దగ్గరగా వేశాడు.

"సెట్టిగారూ, చెప్తే కోపం తెచ్చుకోకండి. ఇదో, ఆకుపచ్చ గీకితే కింద పసుపు. పసుపు మీద ఐసు ఫ్యాక్టరీ పేరు ఉండాది. అది గీకితే నీలం. అది టూరింగు టాకీసు బండి, మైకు బిగించిన తూట్లు చూడండి. ఇంజను ఒక టాక్సీది."

"స్టీరింగు ఎడమపక్కన ఉండాదే!" అన్నాడు సీతాపతి.

"మార్చినారు. ముందు కుడిపక్కనే ఉండింది. పెడళ్ల తూట్లకు డాల్డా డబ్బా రేకు పెట్టి అతికించినారు."

సీతాపతి వంగి చూశాడు. రేకు లోపలివైపు ఈత చెట్టు బొమ్మలో సగం కనిపించింది. ఆ ఇనుప కడ్డీ వైపు వేలు చూపించాడు. వీరాసామి జీపు కిందకు దూరి, కడ్డీ కింద చివరను చేత్తో పట్టుకుని ఊపాడు.

"దీని కింద ఏమీ లేదు సెట్టిగారూ. ఒక స్ప్రింగు పెట్టినారు, అంతే. లాగితే సద్దు వస్తాది. ముందు ఇరుసులో పళ్లచక్రాలే లేవు. గోనెపీచు కుక్కి గ్రీజు పూసినారు."

లాగితే చప్పుడు మాత్రమే వచ్చే కడ్డీలు దేశంలో ప్రతి ఆఫీసులోనూ ఉన్నాయి కనుక సీతాపతి ఆశ్చర్యపడవలసిన పని లేదు. అయినా అతను అక్కడే టైరు మీద కూర్చుండిపోయాడు. మాసి మగానికి రెండు నెలలే ఉంది. బజారంతా సెల్యూటు కొట్టిన జీపు అది. తేలు కుట్టిన దొంగలా ఇంటికి వచ్చి, అన్నం వద్దని పడుకున్నాడు.

హేమావతి గోడకు పటం కట్టించిన ఫ్రెంచి కాగితాన్ని దించి, తాను ఏటా ఊరగాయ పంపే కాన్వెంటు సిస్టరమ్మకు చూపించి వచ్చింది. అది విల్లియనూరులో ఒక బర్రెకు టీకా వేసినట్టు పశువైద్యుడు ఇచ్చిన ధ్రువపత్రం. పటాన్ని మళ్లీ గోడకే తగిలించింది.

"తీసి పారెయ్యలేదా?" అన్నాడు సీతాపతి నీరసంగా.

"ఎందుకు? అన్నిట్లో ఆ బర్రె ఒకటే నిజం" అంది.

మర్నాడు సీతాపతి రాజేంద్రన్‌ను వెతికి పట్టుకున్నాడు. కాఫీ హోటల్లో అందరి ముందూ గొంతు పట్టుకోవాలని పోయాడు గాని, అందరి ముందూ పట్టుకుంటే కారణం చెప్పాలి కదా! పక్కకు పిలిచి, గుసగుసగా గొంతు పట్టుకున్నాడు. రాజేంద్రన్ నొచ్చుకోలేదు.

"సార్, నేను చెప్పింది ఒక్క అబద్ధం. దొర జీపు అన్నా, అంతే. బిస్కత్తు ఇసిరింది నేను చెప్పినానా? కాలు గుద్దింది నేను చెప్పినానా? అదంతా మీ బజారువాళ్లు ఊరకే ఇచ్చింది. సరే, మీకు ఇష్టం లేకపోతే బండి నాకే ఇచ్చేయండి. మీరిచ్చిన దానికి రెండింతలు ఇప్పుడే ఇస్తా. సాక్షులు తొమ్మిది మంది ఉండే బండి మళ్లీ యాడ దొరుకుతాది?"

వ్యాపారి అయినవాడు అక్కడే చెయ్యి కలపాలి. సీతాపతి వ్యాపారే. చెయ్యి కొంతదూరం చాచాడు కూడా. కాని జీపు పోతే మాసి మగంనాడు స్వామి మళ్లీ ట్రాక్టరు ఎక్కుతాడు, గుడ్డ మళ్లీ ఆ తలకే పోతుంది. అతనికి గోడవైపు తిరిగిన వీపు కళ్లముందు ఆడింది. చాచిన చేత్తో పంచె సర్దుకుని వెనక్కి వచ్చాడు.

వీరాసామి మంచి మాట చెప్పాడు. మద్రాసు పాత ఇనుప సామాన్ల బజారులో నిజమైన ముందు ఇరుసు దొరుకుతుంది, పళ్లచక్రాలతో సహా తెచ్చి బిగిస్తే జీపు నిజంగానే నాలుగు చక్రాల మీద లాగుతుంది, ఇసకలో ఏనుగులా పోతుంది. సీతాపతికి ప్రాణం లేచి వచ్చింది. దొరది కాకపోతే పోయె, ముందు ఇసకలో పోనీ అనుకుని వీరాసామిని మద్రాసు పంపాడు. ఇరుసు వచ్చింది. వచ్చిన సంగతి బజారుకు తెలిసింది. రాఘవన్ గారి అధ్యక్షతన జీపు పరిరక్షణ సంఘం ఏర్పడింది. అందులో తొమ్మిది మంది సాక్షులూ సభ్యులు. సంఘం షెడ్డుకు తరలి వచ్చింది, సోడాలు తాగింది, వీరాసామి చేతిలో స్పానరు చూసి నిర్ఘాంతపోయింది.

రాఘవన్ గారు అక్కడే ఉపన్యసించారు. "మహాజనులారా! చరిత్ర అంటే ఏమిటి? ముట్టుకోకుండా ఉంచినదే చరిత్ర. ఏ కడ్డీ మీద దొర హస్తం పడిందో ఆ కడ్డీని, ఏ ఇరుసు దొర భారాన్ని మోసిందో ఆ ఇరుసును, మద్రాసు పాత ఇనుముతో మార్చడమా? రేపు మన పిల్లలు అడిగితే ఏం చెబుతాం?"

"సార్, ఆ ఇరుసులో గోనెపీచు ఉండాది" అన్నాడు వీరాసామి.

"దొర కాలంలో గోనె నాణ్యతే వేరు" అన్నాడు చెంగల్రాయన్. సభ్యులు తలలూపారు.

ఇరుసు మార్చకూడదనీ, పెయింటు మాత్రం ఎంతైనా వేయవచ్చుననీ ఏకగ్రీవంగా తీర్మానమైంది. వీరాసామి ఫ్రెంచి జెండాలోలా నీలం, తెలుపు, ఎరుపు చారలు వేశాడు. ఇత్తడి హారను బిగించాడు. ఇంజను తిరిగింది, వెనక చక్రాలు తిరిగాయి. ముందు చక్రాలు వెనకవాటి దయవల్ల దొర్లాయి. మంచి తారు రోడ్డు మీద ఆ జీపును చూస్తే ఎవరూ వంక పెట్టలేరు. వీరాసామి సొంత డబ్బులతో కొన్నట్టుగా బాధపడి, కొత్త ఇరుసును షెడ్డు మూల నిలబెట్టాడు. సీతాపతి రోజూ పోయి దాన్ని చూసి వచ్చేవాడు.

మాసి మగం వచ్చింది. పెరుమాళ్లను జీపు వెనకభాగంలో అలంకరించిన పీట మీద వేంచేపు చేశారు. సీతాపతి ఎడమపక్క కూర్చుని నడిపాడు. బజారు నుంచి ఒడ్డు దాకా నాదస్వరం, పూలు, గోవిందలు. రోడ్డు చివర కేశవులు తన ట్రాక్టరును నీడలో పెట్టుకుని, గొడుగు కింద నిలబడి ఉన్నాడు. జీపు ఇసకలో దిగింది. నాలుగు బారలు పోయి నిలిచింది. సీతాపతి పైకి చూసి, లోపల దణ్ణం పెట్టుకుని, కడ్డీ లాగాడు. ఠక్కుమంది. "గోవిందా!" అని జనం అరిచారు. ఆ చప్పుడు వినడానికే కొందరు బాహూరు నుంచి బస్సుల్లో వచ్చారు. వెనక చక్రాలు గిర్రున తిరిగి, ముందు వరసలో ఉన్న జీపు పరిరక్షణ సంఘం మొహాన ఇసక కొట్టి, ఇరుసు దాకా కూరుకుపోయాయి. స్వామి ఒక పక్కకు ఒరిగారు.

"ట్రాక్టరు తెమ్మంటావా అణ్ణా?" అని కేశవులు మర్యాదగా కేకేశాడు.

"వద్దు!" అన్నాడు సీతాపతి.

అప్పటికి కురుచికుప్పం జాలరులు వలలు పక్కన పెట్టి చూస్తున్నారు. వాళ్ల పెద్ద అణ్ణాదురై ముప్పై ఏళ్లుగా సీతాపతి అంగట్లోనే తాళ్లు కొనే మనిషి. ఎవరూ పిలవకుండానే తన వాళ్లను తీసుకుని వచ్చాడు. నలభై మంది రెండు పక్కలా చేరి, కింద వెదుళ్లు దూర్చి, తాళ్లు వేసి, పడవను ఎత్తినట్టు జీపును ఎత్తారు. స్వామి, పీట, అర్చకుడు, చక్రం పట్టుకుని కూర్చున్న సీతాపతి, అందరితో సహా ఎత్తి, పాట పాడుకుంటూ నీటి అంచుకు చేర్చి దించారు. నాలుగు చక్రాలూ గాలిలో ఉన్నాయి కనుక ఏ చక్రానికీ అన్యాయం జరగలేదు.

స్వామి స్నానం అయింది. అర్చకుడు వస్త్రాన్ని పళ్లెంలో పెట్టుకుని నిలబడ్డాడు. స్వామిని నీటికి చేర్చినవారెవరు? అణ్ణాదురై చేతులు తుండుగుడ్డకు తుడుచుకున్నాడు. ముందుకు రాలేదు, వెనక్కీ పోలేదు. రాఘవన్ గారు గొంతు సవరించుకున్నారు.

"ఈ విషయంలో సంప్రదాయం స్పష్టంగా ఉంది. స్వామిని చేర్చింది జీపు. జాలరి సోదరులు చేర్చింది జీపును. కావున వారికి మజ్జిగ ఇవ్వవలసినది. పరివట్టం జీపు యజమాని..."

సీతాపతి జీపు దిగాడు. తండ్రి ముప్పై ఏళ్లు, ఆ తర్వాత తాను ఎదురుచూసిన గుడ్డ మూడు అడుగుల దూరంలో ఉంది. కాని అణ్ణాదురై భుజం తాడు కోసుకుపోయి నెత్తురు కారుతోంది. ఆ తాడు సీతాపతి అంగడిదే. మొహం చూడలేకపోయాడు. సిగ్గు ముంచుకొచ్చి, తాను ఏం చేస్తున్నాడో తెలిసేలోపలే నోరు తెరిచాడు.

"ఇది దొర జీపు కాదయ్యా! ఐసు బండి! ముందు చక్రాల్లో గోనెపీచు ఉండాది, పోయి చూడండి. నేను మోసపోయినా, మిమ్మల్ని మోసం చేసినా. సామిని మోసుకొచ్చింది వీళ్లు. కట్టాల్సింది వీళ్లకు!"

రాఘవన్ గారి కళ్లు చెమర్చాయి.

"చూశారా ఆ వినయం!" అన్నారు. "ఇంత పెద్ద వస్తువును సొంతం చేసుకుని, నాది కాదు, గొప్పది కాదు అంటున్నాడు. ఇటువంటి మనిషి తలకు గుడ్డ కట్టి ఆయన వినయాన్ని అవమానించగలమా? మర్యాద జీపుకే జరగాలి!"

చప్పట్లు మోగాయి. చెంగల్రాయన్ సెల్యూటు కొట్టాడు. పరివట్టాన్ని జీపు స్టీరింగు చక్రానికి చుట్టారు. జాలరులకు మజ్జిగ ఇచ్చారు. నలభై మందికి ఇరవై లోటాలే చాలాయి, ఎందుకంటే సగం మంది తాగకుండా వలల దగ్గరికి వెళ్లిపోయారు.

మరుసటి ఏడు నుంచి పద్ధతి స్థిరపడింది. ఇంజను బరువు ఎక్కువైందని వీరాసామి దాన్ని తీసి కురుచికుప్పంలో ఒక పడవకు బిగించాడు, అక్కడ బాగానే పనిచేస్తోంది. స్వామి ఇంజను లేని జీపులో వేంచేస్తారు. జీపును జాలరులు మోస్తారు. వట్టి స్వామినైతే ఎనిమిది మందిమి మోస్తాం గదా, ఈ ఇనుము ఎందుకని అణ్ణాదురై ఒకసారి అడిగాడు. అనాదిగా వస్తున్న ఆచారాన్ని ప్రశ్నించరాదని రాఘవన్ గారు కోప్పడ్డారు. ఆచారానికి అప్పటికి ఏడాది నిండి తొమ్మిది రోజులు. ఆ ఏడు జీపుకు కట్టిన గుడ్డ గాలికి లేచి సముద్రంలో పడింది. అది అపశకునమని భయపడి, ఇకమీదట జీపు తరఫున ఒక మనిషి తలకే కట్టాలనీ, దొర కాలంలో ఆ జీపును ఎరిగినవాడై ఉండాలనీ తీర్మానించారు.

1980లో ఆ మనిషిని ఎన్నుకోవడానికి సమావేశం జరిగింది. తొమ్మిది మంది సాక్షులూ వచ్చారు. తొమ్మిది మందీ గుడ్డ తమకే రావాలన్నారు. దానితో ఒక్కొక్కరూ మిగతా ఎనిమిది మందీ అబద్ధాలకోరులని ఆధారాలతో నిరూపించారు. ఇండోచైనా తేదీలు బయటపడ్డాయి. మచ్చ కాగిన నూనె మచ్చని తేలింది. ఇంతవరకూ ఒక్క అబద్ధమూ ఆడని మనిషి ఒక్కడే కనిపించాడు. వెనక వరసలో, ఊరకే తాళ్లు ఇవ్వడానికి పిలవగా వచ్చి కూర్చున్న సీతాపతి.

"సీతాపతిగారూ, మీకు చిన్నప్పుడు ఆ జీపు తెలుసునా?" అని రాఘవన్ గారు అడిగారు.

సీతాపతి లేచాడు. తెలియదు అనడానికి నోరు తెరిచాడు. నిజం ఒకసారి చెప్పి చూశాడు, దాన్ని ఎవరూ తీసుకోలేదు. ఇంట్లో తండ్రి మంచం ఇంకా ఆ గోడ పక్కనే ఉంది.

"తెలుసు. నాకప్పుడు తొమ్మిదేండ్లు. దొర బండి నిలిపి నా బుగ్గ గిల్లినాడు. ఇదో, ఈ బుగ్గే" అన్నాడు.

మాసి మగంనాడు పరివట్టం సీతాపతి తలకు కట్టారు. ఫొటో తీశారు. అతను గుడ్డ విప్పకుండానే ఇంటికి వచ్చి, ఖాళీ మంచం ముందు కాసేపు నిలబడి, చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు. హేమావతి గుమ్మంలోంచి చూసింది. అతని తల మీది గుడ్డ విప్పి మడతపెట్టింది, మంచం మీద పెట్టలేదు, బీరువాలో పెట్టి తాళం వేసింది.

ఇప్పుడు ఆ జీపుకు ఒక మంటపం కడుతున్నారు. ముందు గోడ మీద దొర కాలంలో దాన్ని కళ్లారా చూసినవారి పేర్లు చెక్కిస్తారు. సీతాపతి పేరు మొదట ఉంటుంది. పాతవారి సాక్ష్యాలు చెల్లకుండా పోయాయి కనుక గోడ మీద ఇంకా చాలా చోటు మిగిలి ఉంది, సంఘం మనుషులను వెతుకుతోంది. మీ వయసెంత? ఆ రోజుల్లో మీరు పుదుచ్చేరిలో లేనే లేరా? అదేమీ అడ్డం కాదు. ఏడో ఏట నుంచి పదిహేడో ఏట వరకు సీతాపతి ఆరణిలో మేనమామ ఇంట్లో పెరిగాడు.